ఆగిపోయిన ఫోర్ నాట్ సెవెన్‌కి ఏం సర్దాలి

ఎప్పటినుంచో తోటలో పడి ఉన్న లారీని తెచ్చుకోవడానికి బయల్దేరేవాడి సంచి చూస్తే వాడి ఆత్రం ఎంతో తెలిసిపోతుంది. ఇంజను మోత వినాలని తహతహలాడేవాడు ముందు బ్యాటరీ ఎక్కిస్తాడు. అన్నాళ్లు నిలబడి బండి ఏమై ఉంటుందో ఆలోచించినవాడు జాకీ, చెక్కదిమ్మలు ఎక్కిస్తాడు. నాది రెండో పార్టీ. తోటలో మనం చేయాల్సింది బండిని కదిలించడం. రిపేరుకి ఆటోనగర్ ఉంది.

టాటావాళ్లు 1986లో తెచ్చిన ఫోర్ నాట్ సెవెన్‌నే తీసుకుందాం. నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్‌కి మామిడికాయ మోసిన బండ్లలో అదీ ఒకటి. ఎనిమిదేళ్లు దాటిన కిరాయి బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఒక ఏడు ఖర్చుకి జడిసి మానేస్తే, ఆ బండి మోటారు షెడ్డు పక్కన చేరుతుంది. ఆ తర్వాత దాన్ని పాడుచేసేది అరుగుదల కాదు, నిలకడే. బ్రేకు లైనర్లు డ్రమ్ములకి పట్టేస్తాయి. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అంటుకుంటుంది. ట్యాంకు అడుగున నీళ్లు, మడ్డి చేరతాయి. వైరింగు ఎలుకల పాలవుతుంది. సీటు కింద ఏం కాపురముందో చెప్పలేం కాబట్టి టార్చిలైటు, పొడుగాటి కర్ర కూడా సామానే.

అందుకే నా సంచిలో చక్రాల సామాను ముందు. బండి బరువుకి తగ్గ జాకీ, దాని కింద వేయడానికి మందపాటి చెక్క, చక్రాలకి అడ్డంపెట్టే దిమ్మలు, వీల్ పానా, దానికి తొడిగే మూడడుగుల పైపు. కుదిరితే ముందురోజే వెళ్లి నట్లమీద రస్ట్ స్ప్రే కొట్టి రావాలి. రాత్రంతా నానిన నట్టు పొద్దున మర్యాదగా వింటుంది. కొన్ని పాత లారీలకి ఎడమవైపు నట్లు ఉల్టా త్రెడ్ ఉంటాయి. అది చూసుకోకుండా పైపు తొడిగి ఊగితే స్టడ్డు విరుగుతుంది. టైరు పక్కన నాలుగంకెల ముద్ర చదవండి: 2311 అంటే 2011లో 23వ వారం తయారీ. పగుళ్లిచ్చిన అలాంటి టైరులో గాలి నింపే బదులు, తిరిగే బండి నుంచి రెండు చక్రాలు అరువు తెచ్చుకోవడం నయం. లాక్ రింగు ఉన్న చక్రమైతే పూర్తిగా గాలి తీయందే ఆ రింగు జోలికి పోవద్దు. అది ఎగిరొస్తే మనిషి మిగలడు.

ఇంజను సంగతి ఆఖర్న. సెల్ఫ్ కొట్టే ముందు క్రాంక్ పుల్లీ నట్టుకి పెద్ద సాకెట్ తగిలించి చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాలి. తిరగకపోతే ఆ రోజుకి ఇంజను ఊసు ఎత్తకూడదు. తిరిగితే పాత ట్యాంకు ముట్టుకోకుండా ఐదు లీటర్ల క్యాను, కొత్త హోస్ పైపు వాడాలి. రిటర్న్ పైపు కూడా క్యానులోనే పెట్టాలి. తర్వాత ఫిల్టరు మీది బోల్టు వదులు చేసి, బుడగలు ఆగేదాకా ఫీడ్ పంపు చేత్తో కొట్టి ఎయిర్ తీయాలి. నాజిల్ పైపుల నట్లకి 17-19 పానా ఉంటే చాలావరకు గడిచిపోతుంది. రెండొందల ముక్కల సాకెట్ పెట్టె ఇంటి దగ్గరే ఉండనివ్వండి. దాన్ని గడ్డిలో బోర్లించుకుని 10 నంబరు సాకెట్ వెతుక్కోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఎవరూ సర్దుకోని వస్తువు ఇంకోటుంది. గాలి పీల్చే గొట్టం మూతికన్నా వెడల్పాటి చెక్కపలక. ఏళ్లతరబడి నిలిచిన డీజిల్ పంపులో, ఇంజనుకి డీజిల్ ఎంత వెళ్లాలో తేల్చే ర్యాక్ ఫుల్ మీద బిగుసుకుపోయి ఉండొచ్చు. స్టార్టవగానే ఇంజను అదుపు తప్పి అరుస్తుంది. తాళంచెవి తిప్పినా, స్టాప్ తీగ లాగినా వినదు. గాలి మూసేస్తే చస్తుంది. గుడ్డ పెడితే లోపలికి లాగేసుకుంటుంది, చెయ్యి అసలే పెట్టకూడదు. పలక ఒక మనిషి చేతిలో సిద్ధంగా ఉంటేనే సెల్ఫ్ కొట్టాలి.

తాడు పట్టుకెళ్లేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఇంజను ఆగి ఉంటే ఈ బండి బ్రేకుకి వాక్యూమ్ సాయం ఉండదు, పెడలు రాయిలా ఉంటుంది. పైగా వీల్ సిలిండర్లు కారి బ్రేకాయిలే లేకపోవచ్చు. తాడు కట్టి లాగితే ముందు బండి ఆగినచోట వెనక బండి ఆగదు. నున్న దారిలో ఆగిరిపల్లి వైపు దిగేటప్పుడు ఆ ప్రయోగం ఎందుకు? తోట గట్టు దాటించడానికైనా సరే, ఇనుప టో బార్ వాడండి.

రోడ్డు మీదికైతే ఆర్‌సీ, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ చూసుకోవాలి. అవి చెల్లకపోతే ఇంజను ఎంత బాగా మోగినా నడుపుకు రాకూడదు. ఇంకో బండి మీద ఎక్కించుకు రావాల్సిందే. ఎక్కించేవాళ్లకి ఫోన్ చేసినప్పుడు చక్రాలు తిరుగుతున్నాయా, స్టీరింగ్ తిరుగుతోందా, దారి ఎంత వెడల్పుందో చెప్పండి. వించ్ ఉన్న బండి పంపాలో క్రేన్ పంపాలో వాళ్లు తేల్చుకునేది దాన్నిబట్టే. కిరాయి కూడా దాన్నిబట్టే.