పెంటన్‌విల్ కారాగారము: ఒక విమర్శ

దురుద్దేశముతో కట్టిన కోటను విమర్శించుట సులభము. సదుద్దేశముతో కట్టిన చెఱసాలను విమర్శించుట కష్టము. కోటను చూచినంతనే దాని స్వభావము తెలియును. సంస్కర్తలు కట్టిన చెఱసాల యందైతే కరుణ యెంత, కాఠిన్య మెంత యని వేఱుచేసి చూడవలసి యుండును. లండను నగరపు టుత్తరభాగమునగల పెంటన్‌విల్ కారాగార మట్టిది. 1842లో తెఱచిన యా చెఱసాల నేటికిని పనిచేయుచున్నది. కావున దానిని గుఱించి విచారించుట గతమును త్రవ్వుట మాత్రమే కాదు.

దాని పుట్టుకకు కారణము ఘోరమైనదే. 1777లో జాన్ హవార్డు ఇంగ్లాండు చెఱసాలల స్థితిని లోకమునకు వెల్లడించెను. అప్పులు తీర్చలేనివారును, దొంగలును, బాలురును ఒక్కచోట కుళ్లుచుండిరి. జైలుజ్వరము వారిని పొట్టన పెట్టుకొనుచుండెను. జైలరులు పెక్కుచోట్ల ఖైదీల యొద్ద గుంజిన రుసుములతో బ్రతుకుచుండిరి. నిర్దోషి యని న్యాయస్థానము తీర్పు చెప్పినవాడు సైతము, రుసుము చెల్లింపలేక, మరల చెఱకే పోవుచుండెను. ఈ చివరి మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

గుంపులో చెడినవాడు ఏకాంతమున బాగుపడునని సంస్కర్తలు తలచిరి. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున 1829లో తెఱచిన చెఱసాల వారికి మేలుబంతి యయ్యెను. జాషువా జెబ్ అను ఇంజనీరు పెంటన్‌విల్ కట్టడమును రూపించెను. నడుమ నొక మంటపము, దానినుండి చక్రపు టాకులవలె సాగిన భాగములు, 520 గదులు. ఒక్కొక్క గది పొడవు 13 అడుగులు, వెడల్పు 7 అడుగులు, ఎత్తు 9 అడుగులు. వెచ్చని గాలి, నీరు, మరుగుదొడ్డి గదిలోనే యుండెను. కాని మనుష్యుడు మాత్రము లేడు. గది దాటినచో ముఖమునకు ముసుగు. పేరునకు బదులు అంకె. ప్రార్థనామందిరమున సైతము ప్రక్కవాడు కనబడకుండ చెక్క యడ్డులు. ఈ విధముగా 18 నెలలు గడపిన పిమ్మట ఖైదీని ఓడ యెక్కించి ఆస్ట్రేలియాకు పంపుచుండిరి.

ఫలిత మేమి? పశ్చాత్తాపమునకు ముందే కొందఱికి మతి చలించెను. అధికారులే ఆ కాలమును క్రమముగా 9 నెలలకు తగ్గింపవలసి వచ్చెను. ఔషధమే రోగమైనదని ఇంతకంటె నేమి సాక్ష్యము కావలెను?

ఆ కాలపు రచయితలలో ఇద్దఱి విమర్శలు ముఖ్యములు. 1850లో కార్లైలు ఇట్టి మాదిరి చెఱసాలలను నిందించెను. దుర్మార్గులకు ఇంత సౌఖ్యమేల యని ఆయన కోపము. డికెన్సు 1842లోనే ఫిలడెల్ఫియా పద్ధతిని చూచి, శరీరముపై మచ్చ పడని యీ హింస కొరడాదెబ్బకంటె క్రూరమని తలచెను. పిదప డేవిడ్ కాపర్‌ఫీల్డు నవలలో, అధికారులకు నచ్చు మాటలు వల్లించు ఖైదీలను సృష్టించి పరిహసించెను. మేము డికెన్సు పక్షమునే యుందుము. కార్లైలు గోడల శుభ్రతను చూచెను. డికెన్సు గోడల నడుమ నున్నవానిని చూచెను. వినువారు లేని ఏకాంతమును, పొగడువారి కొఱకు వేచియున్న పాలకులును కలిసినచోట పుట్టునది నటనయే గాని నడవడి కాదు.

అయినను ఆ మాదిరి వ్యాపించెను. ఆఱేండ్లలో 54 చెఱసాలలు దానిని పోలి వెలసినవి. మన దేశమువారి కది రెండు విధముల తగిలినది. 1896లో ఆరంభించి 1906లో ముగించిన అండమాను సెల్యులర్ జైలులో, నడిమి గోపురమునుండి సాగిన ఏడు భాగములయందు ఒక్కొక్కనికి ఒక్కొక్క గదియను ఆ సూత్రమే నిలిచెను. పెంటన్‌విల్‌లోనే 1909లో మదన్‌లాల్ ధింగ్రాను, 1940లో ఉధంసింగును ఉరితీసిరి. ఉధంసింగు అస్థులు 1974లోను, ధింగ్రా అస్థులు 1976లోను గాని స్వదేశము చేరలేదు. ఏకాంతవాసమను శిక్ష ఆ యిద్దఱికి మరణానంతరమును తప్పలేదు. అచ్చటి ఉరికంబము 1961 తరువాత పనిచేయలేదు.

ఇక నేటి స్థితి. న్యాయస్థానములనుండి నేరుగా వచ్చు పురుషులు, విచారణ ముగియనివారు సైతము, అందుండురు. వారి సంఖ్య వేయి దాటినది. 2015లో న్యాయమంత్రియే దీనిని వైఫల్యమునకు ఉదాహరణగా పేర్కొనెను. 2016లో ఇద్దఱు తప్పించుకొని పోయిరి. 2025 జూలైలో కారాగారముల ప్రధానపరీక్షకుడు ప్రభుత్వమునకు అత్యవసర హెచ్చరిక పంపెను. ఒక్కని కొఱకు కట్టిన గదులలో ఇద్దఱేసి యుండిరి. పెక్కురు దినమున 22 గంటలకు పైగా తాళము వెనుకనే గడపుచుండిరి. మఱియు లెక్కల పొరపాటువలన, ఆఱు నెలలలో వందమందికి పైగా విడుదల దినము గడచియు లోపలనే యుంచబడిరి.

హవార్డు చూచిన నిర్దోషి రుసుము లేక నిలిచిపోయెను. నేటివాడు లెక్క తప్పి నిలిచిపోవుచున్నాడు. నడుమ గడచిన రెండున్నర శతాబ్దములలో మాఱినది కారణము మాత్రమే. జెబ్ సిద్ధాంతము చచ్చినది. అతని తలుపు బ్రతికినది. ఏకాంతమువలన కలుగునన్న మేలును లేదు, సాంగత్యమువలన కలుగు మేలును లేదు. రెంటి కీడు మాత్రము మిగిలినది.

ఇందు సంస్కరణవాదులమైన మనకు నేర్చుకొనదగిన పాఠము కలదు. సంస్థను దాని శంకుస్థాపన దినమున చెప్పిన మాటలనుబట్టి గాక, నేటి సాయంకాలము దానిలో తాళము పడినవాని స్థితినిబట్టి తూచవలెను. గదుల లెక్కకు మించి మనుష్యులను పంపుటను శాసనమే నిషేధింపవలెను; అది సాధ్యము కానిచో అట్టి చెఱసాలను మూయవలెను. పెంటన్‌విల్ తన ద్వారము దాటిన ప్రతివానికిని గడువు లెక్కించినది. దానికి గడువు విధించువారు ఇంకను రాలేదు.