పిండికొద్దీ కానుక

డిసెంబరు జీతం చేతికొచ్చేసరికి దానికి వాటాదారులు గుమ్మంలోనే ఉంటారు. ఇంటద్దె, పాలవాడు, పిల్లల ట్యూషన్, చిట్టీ వాయిదా. వాళ్లందరికీ ఇచ్చాక మిగిలినదాంట్లోనే పండగ గడవాలి. ఇంటి మీదికి నక్షత్రం, పిల్లలకు కొత్త బట్టలు, అరిసెలకు బెల్లం, కేకు, అర్ధరాత్రి కేరల్స్ పాడుతూ వచ్చేవాళ్లకు టీ బిస్కెట్లు. మా తెలుగు క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్ ఖర్చంటే మొన్నమొన్నటిదాకా ఇంతే. రంగు కాగితం చుట్టి రిబ్బను కట్టిన కానుకలు తర్వాత వచ్చాయి. ఇప్పుడు ఆఫీసులో సీక్రెట్ శాంటా, అపార్టుమెంటులో ఇంకో సీక్రెట్ శాంటా, సండే స్కూల్లో చీటీ తీస్తే వచ్చే క్రిస్మస్ ఫ్రెండ్. ఆపైన ఆడపడుచు పిల్లలు, అత్తగారు, ఎదురింటివాళ్లు. జాబితా ఏటా పెరుగుతోంది, జీతం మాత్రం దాని వెంట పరుగెత్తలేకపోతోంది.

ఇలాంటప్పుడు మనలో చాలామంది ఉన్న డబ్బును తలా ఇంతని పంచి, ఆ డబ్బుకు కంటికి పెద్దగా ఆనే వస్తువు వెతుకుతాం. రెండు వందలకు గోడ గడియారం వస్తుంది. అట్టపెట్టె కూడా పెద్దదే. సంక్రాంతి దాటకముందే ముల్లు ఆగిపోతుంది. పారేస్తే ఇచ్చినవాళ్లు ఏమనుకుంటారోనని అది అటకెక్కుతుంది. ఇచ్చినవారికి చేతి చమురు వదిలింది, పుచ్చుకున్నవారికి అటక మీద చోటు పోయింది.

డబ్బు తక్కువున్నప్పుడు పెద్ద వస్తువులో నాసిరకం కొనకూడదు, చిన్న వస్తువులో మేలురకం కొనాలి. రెండు వందలకు మంచి గడియారం రాదు. కానీ ఏటికొప్పాక లక్క బొంగరం వస్తుంది. అంకుడు కర్రను తరిణె పట్టి, చెట్టూ చేమా నుంచి తీసిన రంగులు లక్కతో అద్దిన బొమ్మ అది. బ్యాటరీ కారు పాడయ్యాక కూడా తిరుగుతూనే ఉంటుంది. బల్ల మీద వేసుకోవడానికి నరసాపురం లేసు ముక్క ఒకటి వస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ క్రోషా అల్లిక మీద ఈనాటికీ గోదావరి ఒడ్డున ఎందరో ఆడవాళ్లు నాలుగు డబ్బులు చూస్తున్నారు. క్రిస్మస్ నాడు ఇవ్వడానికి దానికన్నా తగిన వస్తువు నాకు తట్టదు.

అయితే వస్తువు మేలైనదైతే సరిపోదు, ఆ మనిషికి పనికిరావాలి. అమెరికాలో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థులను ఒక ప్రశ్న అడిగాడు. పండక్కి మీకొచ్చిన కానుకల మీద మమకారం పక్కన పెట్టి చెప్పండి, వాటికి మీరైతే ఎంత పెడతారు? వచ్చిన జవాబులను బట్టి 1993లో ఒక వ్యాసం రాశాడు. కానుక ఖరీదులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా వృథా పోతోందని తేల్చాడు. అందులో నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. స్నేహితులు, ప్రేమించినవాళ్లు ఇచ్చినవాటిలో ఈ నష్టం తక్కువ. ఎప్పుడో గానీ కలవని బంధువులు ఇచ్చినవాటిలో ఎక్కువ. ఎదుటి మనిషిని ఎరగనితనానికి మనం కట్టే జరిమానా అన్నమాట అది. బీదవాడు ఆ జరిమానా కట్టలేడు కాబట్టి మనిషిని ఎరిగి ఉండక తప్పదు.

ఎరగడానికి పైసా ఖర్చు లేదు, చెవి ఒగ్గితే చాలు. దసరా సెలవుల్లో మా వదిన పోపు పెడుతూ, "ఈ గరిటె పిడి ఊడిపోయి ఏడాదైంది వదినా, రోజూ చెయ్యి చురుక్కుమంటూనే ఉంది" అంది. ఆవిడ ఏదో అడగాలని అనలేదు, చెయ్యి కాలి అంది. ఆ మాట నా చిట్టా పుస్తకంలో పాల లెక్క కిందే రాసుకున్నాను. డిసెంబరులో చెక్క పిడి ఉన్న ఇనప పోపు గరిటె కొనడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఏం కొనాలో తెలియక కొట్టు కొట్టూ తిరిగేవాడికే ఖర్చు ఎక్కువవుతుంది. తెలిసి వెళ్లినవాడు ఒక్క కొట్టుతో బయటపడతాడు.

కిందటేడు మా ఇంట్లో అన్నిటికన్నా మంచి కానుక ఇచ్చింది మా చిన్నది. తెనాలి దగ్గర పల్లెలో మా మేనత్త ఉంటుంది, మిషన్ బళ్లో పంతులమ్మగా చేసింది. శుక్లాలు తీయించుకున్నాక దూరం బాగానే కనిపిస్తోంది గానీ, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో సన్నచ్చు అక్షరాలు ఆనడం లేదు. గుడిలో పుస్తకం ఒళ్లో పెట్టుకుని, నోటికొచ్చిన చరణాలు పాడి, రానిచోట పెదవులు కదుపుతుంది. ఇది పిల్ల కనిపెట్టింది. అత్తయ్య పొద్దుటి ప్రార్థనలో ఏయే కీర్తనలు పాడుతుందో ఫోనులో మాటల్లో పెట్టి రాబట్టింది. గీతల్లేని లాంగ్ నోట్‌బుక్ తెచ్చి, నల్ల మార్కరుతో బొటనవేలి గోరంత అక్షరాలు రాసింది. పల్లవులన్నీ ఎర్ర సిరాతో రాసింది. మార్కరు సిరా వెనక్కి దిగుతుందని కుడివైపు పేజీలోనే రాసి ఎడమది వదిలేసింది. మొదట్లో విషయసూచిక, దాంట్లోనూ అంతంత అక్షరాలే. ఖర్చల్లా నోట్‌బుక్కూ మార్కర్లూ. పండగనాడు అత్తయ్య అద్దాలు సర్దుకుని, పురుషోత్తమ చౌదరి గారి కీర్తన తీసి, ముందు తప్పులు వెతికింది.

"ఆఖరి చరణం ఎగ్గొట్టావేమే?"

"లేదు మామ్మా, పేజీ తిప్పు, అవతల ఉంది."

పంతులమ్మ దగ్గర అంతకన్నా పెద్ద మెప్పు ఎవరికీ దొరకదు.

ఇదంతా విని, చేత్తో చేసిందే గొప్పది, డబ్బు తుచ్ఛం అనుకోవద్దు. పనిమనిషికి చేత్తో రంగులేసిన గ్రీటింగ్ కార్డు ఇచ్చి ఊరుకుంటే దాన్ని పిసినారితనం అంటారు. ఆవిడకు కావలసింది కవరులో డబ్బు, అదీ పండక్కి వారం ముందు, పిల్లలకు బట్టలు కొనుక్కునే వేళకి. ఒకరి దగ్గర వస్తువు తగ్గించి మరొకరి దగ్గర రొక్కం పెంచడం కూడా కానుకలిచ్చే నేర్పులో భాగమే.

ఇక మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం ఉంది. ఫలానావారు నూటపదహార్లు, ఫలానావారు ఐదు వందల పదహార్లు అని రాస్తారు. రేపు వాళ్లింట్లో పెళ్లికి ఆ పుస్తకం తీసి చూసి, తగ్గకుండా చదివిస్తాం. పెళ్లి ఖర్చును పదిమందీ మోసే ఏర్పాటు కాబట్టి దానికది సబబే. ఆ లెక్క క్రిస్మస్‌లోకి వస్తేనే చిక్కు. వాళ్లు చీర పెట్టారు గనక మనమూ చీర పెట్టాలంటే, అప్పు చేసి పప్పుకూడు తినడమే. దానికి మందు మొహమాటం మాని నవంబరులోనే నోరు విప్పి చెప్పడం. పన్నెండు మంది పెద్దవాళ్లున్న కుటుంబంలో ప్రతివారూ ప్రతివారికీ ఇస్తే 132 కానుకలు. చీటీలు వేసుకుని తలా ఒకరికి ఇస్తే పన్నెండే. మొదట ఈ మాట అనేవాళ్లకే కాస్త ఇబ్బంది, తర్వాత అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

ఏటా బోధకులు జ్ఞానులు తెచ్చిన బంగారం, సాంబ్రాణి, బోళం గురించి చెబుతారు. అది మత్తయి రాసింది. లూకా సువార్తలో గొర్రెల కాపరులు వస్తారు. రాత్రి కాపలా నుంచి పరుగున వచ్చినవాళ్లు. వాళ్లు ఏదైనా తెచ్చారని లూకా ఎక్కడా రాయలేదు. బిడ్డను గురించి తాము విన్నది చెప్పారు, మరియ ఆ మాటలన్నీ మనసులో దాచుకుంది. చేతిలో ఏమీ లేనివాళ్లు నాన్నకో, పాత మాస్టారికో ఒక ఉత్తరం రాయొచ్చు. "మీరు చాలా మంచివారు" అని రాస్తే దాచుకోరు. ఫలానా రోజు ఫలానా పని చేశారు, అది నాకు ఇలా అక్కరకొచ్చింది అని రాస్తే దాచుకుంటారు.

పండక్కి ఇంకా రోజులున్నాయి. ఇవ్వాల్సినవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయండి. పేరు పక్కన రూపాయలు వేయకండి, ఈ ఏడాది ఆ మనిషి నోట విన్న ఒక్క అవసరం రాయండి. ఏమీ రాయలేకపోయిన పేరు ఉంటే బజారుకు బయల్దేరకండి, ముందు వాళ్లింటికి వెళ్లి కాసేపు కూర్చుని రండి.