సంచిలోని సీసా

"ఆ లైటుకి లోపలున్న లెన్సు పాడైపోదా సార్?" అని అడిగింది ఆ తల్లి.

పదిహేడేళ్ల కొడుక్కి కెరటోకోనస్. కార్నియా పలచబడి ముందుకు మొనదేలుతోంది, ఆర్నెల్లకోసారి కళ్లద్దాల నంబరు మారుతోంది. అది ఆగాలంటే క్రాస్‌లింకింగ్ చేయాలని, అందులో అతినీలలోహిత కాంతి వాడతామని చెప్పాను. ఎండలోని ఆ కిరణాలవల్ల శుక్లాలు వస్తాయని ఆమె ఎక్కడో విన్నది.

ఆ భయాన్ని నేను ఎప్పుడూ కొట్టిపారేయను. కార్నియా పైపొరని గీరేసినా నాలుగైదు రోజుల్లో మళ్లీ కమ్ముకుంటుంది. కటకానికి ఆ అదృష్టం లేదు. దాని నడిమి కణాలు తల్లి కడుపులో ఏర్పడినవే. అవి రాలవు, వాటి స్థానంలో కొత్తవి రావు.

అందుకే నాకు దీపం వెలిగించకముందు గడిచే అరగంటే ముఖ్యం. పచ్చటి రైబోఫ్లావిన్ చుక్కలు, అంటే బి2 విటమినే, రెండు మూడు నిమిషాలకోసారి వేస్తూ కూర్చోవాలి. జర్మనీలోని డ్రెస్‌డెన్‌లో పుట్టిన ఈ క్రాస్‌లింకింగ్ పద్ధతిని వోలెన్‌జాక్, ష్పోర్ల్, సైలర్ 2003లో ప్రచురించారు. కాంతిని పట్టుకుని కొల్లాజెన్ పోగుల్ని బిగించేదీ, అదే కాంతిని లోపలికి పోనీయకుండా ఆపేదీ ఆ పసుపే. చదరపు సెంటీమీటరుకి 3 మిల్లీవాట్ల చొప్పున 30 నిమిషాలు, మొత్తం 5.4 జౌళ్లు. అందులో దాదాపు 95 శాతం కార్నియాలోనే ఇంకిపోతుంది. కటకం దాకా చేరేది అది తట్టుకోగల హద్దుకన్నా చాలా తక్కువ. అయితే ఈ లెక్కంతా పైపొర తీశాక కూడా 400 మైక్రాన్ల మందం మిగిలిన కార్నియాకే. అంతకన్నా పలచనైతే మొదట దెబ్బతినేది దాని లోపలి అంచున ఉన్న కణాల వరస. మందం కొలవకుండా, నీలి వెలుతురులో పసుపు కార్నియా వెనక ద్రవం దాకా దిగిందని చూడకుండా నేను దీపం ముట్టుకోను.

ఇదంతా చెప్పాక అడిగాను: "దురద పెడితే ఏం చేస్తాడమ్మా?"

"నలుపుకుంటాడు సార్. ఇదిగో, ఈ చుక్కలు వేస్తాం." సంచిలోంచి చిన్న సీసా తీసింది. స్టెరాయిడ్. మూడేళ్ల కిందటి చీటీ. మందుల షాపులో అడిగినప్పుడల్లా ఇస్తున్నారట.

కంటి ప్రెషరు చూశాను, బాగానే ఉంది. కంటిపాప విప్పారే మందు వేసి కటకం చూశాను. కుడికంట్లో, వెనక పొరని ఆనుకుని, దుమ్ము అద్దినట్టు చిన్న మసక. స్టెరాయిడ్ తెచ్చే శుక్లం ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. క్రాస్‌లింకింగ్ తర్వాత ఆ జాతి చుక్కలు నేనూ రాస్తాను. కానీ కొన్ని వారాలకే, తేదీలు వేసి, తగ్గించుకుంటూ. చీటీ లేకుండా వాటిని చేతికివ్వడం చూస్తే నాకు కడుపు మండుతుంది.

"మేమే చేశామా సార్?" ఆమె గొంతు వణికింది.

"తెలియక వేశారమ్మా. చూపుకి ఇప్పుడే అడ్డం కాదు. ఇక్కడితో ఆపేద్దాం."

దురదకి వేరే మందు రాశాను. కన్ను నలపొద్దని పిల్లాడికి మూడుసార్లు చెప్పాను. సీసా నా సొరుగులో పెట్టుకున్నాను. వచ్చే బుధవారం కుడికన్ను.