కర్త లేని వాక్యాలు

కొన్నేళ్ల క్రితం ఒక జిల్లా మ్యూజియంలో కొత్త గ్యాలరీ తెరిచినప్పుడు అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. శిల్పాల దగ్గర పెద్దగా ఆగలేదు గానీ చివరి గదిలో ఇసుర్రాయి ముందు మాత్రం నిలబడిపోయింది. అద్దాల పెట్టెలో, మెత్తటి దీపం వెలుగులో, కడిగి తుడిచిన ఇసుర్రాయి. కింద పలక మీద రాసి వుంది: 'ధాన్యమును పిండి చేయుటకు గ్రామీణ గృహములలో ఉపయోగించబడేది.' అమ్మ రెండుసార్లు చదువుకుని నావైపు తిరిగి, "ఉపయోగించబడేది ఏంటే? ఎవరు ఉపయోగించేవాళ్లు? దానంతటదే తిరిగేదా?" అంది.

నవ్వాను. ఆ పలక రాసింది నేనేనని మాత్రం ఆ పూట చెప్పలేకపోయాను.

అప్పటికి నా పీహెచ్‌డీ పూర్తయి రెండేళ్లు. స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేసిన నాకు ఎక్కడా పర్మనెంటు ఉద్యోగం దొరకలేదు. మ్యూజియాలకు ప్రణాళికలు, డిజైన్లు తయారుచేసే ఒక కన్సల్టెన్సీ 'కంటెంట్ రైటర్' కావాలంటే చేరాను. మ్యూజియం అంటే పాత వస్తువులు, ప్రభుత్వం, దుమ్ము అనుకునే నాకు దాని వెనక ఇంత పెద్ద వృత్తి వుందని అక్కడే తెలిసింది. ముందు సాధ్యాసాధ్యాల నివేదిక, తర్వాత సేకరణల సర్వే, మాస్టర్ ప్లాన్. ఆ తర్వాత 'ఇంటర్‌ప్రెటేషన్ ప్లాన్', అంటే ఏ వస్తువుతో ఏ కథ చెప్పాలి, ఎవరికి చెప్పాలి అనేది. ఆపైన గదుల డిజైను, దీపాలు, పెట్టెలు, చిట్టచివర పలకలు. ఆ పలకలే నా పని.

ఇంటర్‌ప్రెటేషన్ అన్న మాట వినగానే నాకు సంతోషమేసింది. సాహిత్యంలో మనం చేసేది అదే కదా, వ్యాఖ్యానం. కానీ మన దగ్గర వ్యాఖ్యాతకు పేరుంటుంది. ఫలానా ఆమె ఇలా చదివింది అంటాం, ఒప్పుకోకపోతే వాదిస్తాం. మ్యూజియం గోడ మీది వాక్యానికి పేరుండదు. అది చరిత్ర తానే మాట్లాడినట్టు మాట్లాడుతుంది. కవితలో ఒక్క మాట కోసం పేజీలకొద్దీ చర్చించుకునే మనం, లక్షలమంది నిలబడి చదివే ఆ వాక్యాల్ని విమర్శకు అందే రచనగా ఎందుకు చూడలేదన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

వ్యాకరణంతో మొదలుపెడతాను. మన నోటి మాటలో కర్మణి వాక్యం చాలా అరుదు. 'అన్నం వండబడింది' అని ఏ ఇంట్లోనూ అనరు. ఆఫీసు తెలుగులోకి, అనువాదాల తెలుగులోకి మాత్రం అది దండిగా వచ్చి కూర్చుంది. మ్యూజియం పలక ముందు ఇంగ్లీషులో తయారై తర్వాత తెలుగులోకి వస్తుంది కనుక అక్కడ అదే రాజ్యం చేస్తుంది: నిర్మించబడినది, దానం చేయబడినది, ఉపయోగించబడేది. చేసిన మనిషి వాక్యంలోంచి లేచి వెళ్లిపోతుంది. 'వెళ్లిపోతుంది' అని స్త్రీలింగంలో ఊరికే అనడం లేదు. వంట, విసురు, దంపు, నేత, పురుడు పోయడం లాంటి పనుల దగ్గర కర్త మాయమైతే మాయమయ్యేది ఎక్కువగా ఆడమనిషే.

రెండోది 'ఇంచుక్' ప్రత్యయం చేసే పని. 'రాజు గుడి కట్టించాడు' అన్న వాక్యంలో కర్తలు ఇద్దరు. కట్టించినవాడు కనిపిస్తాడు, కట్టినవాళ్లు కనిపించరు. మన చరిత్ర పాఠాలన్నీ దాదాపు ఈ రెండు క్రియారూపాల మీదే నడిచాయి.

ఇప్పుడు నాగార్జునకొండకు వెళదాం. 1926లో ఆ లోయలో బౌద్ధ శిథిలాలు బయటపడ్డాయి. నాగార్జునసాగర్ డ్యామ్ కింద అంతా మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకు పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాల్ని విప్పి కొండ మీదకు చేర్చారు. ఆ కొండ ఇవాళ జలాశయం మధ్య ద్వీపం. లాంచీలో వెళ్లి చూసే మ్యూజియం అది. అక్కడి శిల్పాల గురించి ఎక్కడ చదివినా మనకు ముందు కనిపించే మాట 'ఇక్ష్వాకుల కాలం, క్రీ.శ. 3వ శతాబ్దం'. మాట తప్పు కాదు. కానీ ఆ రాళ్లు తమ గురించి తాము చెప్పుకున్నది వేరు.

ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు వైదిక యజ్ఞాలు చేసినవాడు. అశ్వమేధం, వాజపేయం చేశాడని శాసనాలే చెబుతున్నాయి. బౌద్ధ కట్టడాలకు దానాలిచ్చిన వాళ్లలో ముఖ్యులు ఆ ఇంటి ఆడవాళ్లు. మహాచైత్యం దగ్గర స్తంభాలు నిలబెట్టించింది ఆయన తోబుట్టువు చాంతిసిరి. తర్వాతి రాజు వీరపురుషదత్తుడికి ఆమె అత్తగారు. ఉజ్జయిని రాచబిడ్డ రుద్రధరభట్టారిక ఒక స్తంభమిచ్చింది. భట్టిదేవ బహుశ్రుతీయులకు విహారం కట్టించింది. వీరపురుషదత్తుడి కూతురు, వనవాసి రాణి కొడబలిసిరి మహీశాసకులకు మరొకటి ఇచ్చింది. ఈ పేర్లేవీ కొత్తగా కనిపెట్టినవి కావు. దాదాపు వందేళ్లుగా శాసన సంపుటాల్లో అచ్చులో వున్నాయి. అయినా 'ఇక్ష్వాకుల కళ' అనగానే మన కళ్లముందు కిరీటం పెట్టుకున్న మగవాడే నిలబడతాడు.

వీళ్లందరిలో నాకు బాగా దగ్గరైంది బోధిసిరి. ఆమె రాణి కాదు, ఉపాసిక. సింహళ థేరవాదుల కోసం చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించి పెద్ద శాసనం వేయించింది. అందులో తన పేరు చెప్పుకుంది. తన బంధువుల పేర్లు వరసగా చెప్పింది. ఎక్కడెక్కడ ఏమేం ఇచ్చిందో, చెరువు, మండపం, గది, అన్నీ లెక్కపెట్టింది. చివర ఆ పని దగ్గరుండి చూసిన ముగ్గురు భిక్షువుల పేర్లు, రాతిపని చేసిన విధికుడి పేరు కూడా చెక్కించింది. మూడో శతాబ్దపు ప్రాకృతంలో చేయించినది ఎవరో వుంది, చూసుకున్నది ఎవరో వుంది, చేసినది ఎవరో వుంది. ఇంటర్‌ప్రెటేషన్ ప్లాన్లు, కన్సల్టెంట్లు లేని కాలంలో ఒక మామూలు ఇంటి ఆడమనిషి వేయించిన ఆ పలక మేం రాసిన పలకలకన్నా నిజాయితీగా వుంది.

మా గ్యాలరీలో నాగార్జునకొండ స్తంభం నకలు ఒకటి పెట్టాం. దానికి నేను మొదట రాసిన వాక్యం 'ఈ స్తంభాన్ని చాంతిసిరి నిలబెట్టించింది' అని మొదలయ్యేది. సమీక్షలో 'సందర్శకులకు ముందు రాజవంశం తెలియాలి' అన్నారు. యాభై మాటలు దాటకూడదన్నారు. చివరికి మిగిలింది వంశం, శతాబ్దం, రాయి రకం. ఇసుర్రాయికి నేను మొదట రాసింది వేరే. తెల్లవారకముందే లేచి ఇద్దరాడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుని తిప్పడం గురించి, ఆ పూట అక్కడ దొర్లే మాటల గురించి రాశాను. అది ఇంగ్లీషులోకి వెళ్లి, ఆమోదం కోసం కుదించబడి, మళ్లీ తెలుగులోకి తిరిగొచ్చేసరికి 'ఉపయోగించబడేది' అయింది. ఆఖరి ప్రతి మీద సంతకం నాదే. ఆ నెల ఇంటద్దె కట్టాలి.

పదాలదాకా ఎందుకు, నిలబెట్టే తీరు కూడా వ్యాఖ్యానమే. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో జంట శిల్పం చూడనివాళ్లు మనలో తక్కువ. ఒకే చెక్కలో ముందువైపు మెఫిస్టోఫిలిస్, వెనకవైపు మార్గరెట్టా, గొథే 'ఫౌస్ట్' లోని పాత్రలు. మగవాడు ఛాతీ విరుచుకుని మన ఎదురుగా నిలబడతాడు. తల వంచుకున్న ఆడపిల్ల వెనక పెట్టిన అద్దంలో కనిపిస్తుంది. చెక్కిన శిల్పి ఇద్దరికీ చెరో వైపు ఇచ్చాడు. ఏది ముఖం, ఏది వీపు అన్నది మాత్రం శిల్పాన్ని ఎటు తిప్పి నిలబెట్టామన్న దాన్నిబట్టి తేలుతుంది. ఒక్క వారం దాన్ని అటు తిప్పి పెడితే మనం చదివే కథ మారదా? నేరుగా మార్గరెట్టాను చూస్తూ, ఆమె వెనక పొంచి వున్నవాడిని అద్దంలో చూస్తాం. ఒక్క మాటైనా మార్చకుండానే దృక్కోణం మారిపోతుంది.

ఈ వృత్తికి ఇవన్నీ తెలియవని కాదు. ఇంటర్‌ప్రెటేషన్ పని సమాచారం అందించడం కాదు, మనిషిలో ఆలోచన రేపడం అని ఫ్రీమన్ టిల్డెన్ 1957లోనే చెప్పాడు. మ్యూజియం పలకలు ఎలా రాయాలో బెవర్లీ సెరెల్ 1996లో ఏకంగా ఒక పుస్తకం రాసింది. చిన్నగా, సూటిగా, చదివేవాళ్ల అనుభవానికి దగ్గరగా రాయమనే ఆమె కూడా అంటుంది. కనుక యాభై మాటల పరిమితి మీద నాకు కోపం లేదు. 'చాంతిసిరి నిలబెట్టించింది' అన్నవి రెండే మాటలు.

ఇబ్బంది టెండరులో వుంది. చదరపు అడుగుకి ఇంత, పెట్టెకి ఇంత, టచ్ స్క్రీన్‌కి ఇంత అని లెక్క కడతారు. ఊళ్లోకి వెళ్లి ఇసుర్రాయి ఇచ్చిన ఇంటి ముసలామెతో రెండు రోజులు కూర్చుని మాట్లాడటానికి ఆ పట్టికలో వరస లేదు. వరస లేని పనికి డబ్బు లేదు. డబ్బు లేని పనిని ఎవరూ చేయరు, చేసినా నాలాంటి కాంట్రాక్టు ఆడపిల్ల సొంత టైములో చేస్తుంది. ఇంట్లో లెక్కకు రాని చాకిరీ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. 2022లో అంతర్జాతీయ మ్యూజియంల మండలి ఆమోదించిన కొత్త నిర్వచనంలో సమాజాల భాగస్వామ్యం అనే మాట చేరింది. అది టెండరు పట్టికలోకి దిగి రానంతకాలం ముందుమాటలో అలంకారంగానే వుంటుంది.

వేరేగా చేయొచ్చని చూపినవాళ్లూ వున్నారు. 2017లో అమృతసర్‌లో తెరిచిన దేశవిభజన మ్యూజియంలో ఒక ఫుల్కారీ కోటు, ఒక తోలు బ్రీఫ్‌కేసు వున్నాయి. విభజనకు ముందు పెళ్లి మాటలు నడిచిన ఇద్దరు విడివిడిగా పారిపోయి వచ్చి శరణార్థుల క్యూలో మళ్లీ కలుసుకున్నారు. అవి ఆ ఇద్దరివీ. కోటు 'పంజాబీ వస్త్రం' కాలేదు, ఆమె కోటుగానే వుంది. అంతదూరం పోనక్కర్లేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చేసింది ఏమిటి? తెలంగాణ సాయుధపోరాటంలో పనిచేసిన స్త్రీల దగ్గర కూర్చుని వాళ్ల మాటల్ని వాళ్ల నోటితోనే వినిపించింది. మ్యూజియానికి కావలసిన పద్ధతి మన పుస్తకాల అరలోనే వుంది.

ఇక్కడ నా వాదాన్ని నేనే అడ్డుకోవాలి. చాంతిసిరి రాచబిడ్డ. నేను పోరాడిన వాక్యంలో ఆమె కూడా 'నిలబెట్టించింది', నిలబెట్టలేదు. రాజు పేరు తీసి రాణి పేరు పెట్టినంత మాత్రాన బండ మోసిన ఆడకూలీకి ఒరిగిందేమీ లేదు. ఆమె పేరు ఏ శాసనంలోనూ లేదు. ఆ లోయలోనే 1950లలో ఊళ్లు ఖాళీ చేసి వెళ్లిన కుటుంబాలున్నాయి. స్తూపాల్ని కొండెక్కించిన శ్రద్ధలో పదోవంతు ఆ ఊళ్ల ఇసుర్రాళ్ల మీద పెట్టామా? స్త్రీల పేర్లు చేర్చడంతోనే స్త్రీవాద విమర్శ పని అయిపోదు. పేరు దొరకని చోట ఆ లేకపోవడాన్ని కూడా రాయాలి. 'ఈ రాయి మోసినవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు' అన్న వాక్యం 'నిర్మించబడినది' కంటే పొడుగేం కాదు.

అందుకే ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే నాలుగు షరతులు పెడుతున్నాను. పలక ముందు తెలుగులో రాయాలి, ఇంగ్లీషు దాన్నుంచి పుట్టాలి. ప్రతి వాక్యంలో కర్త వుండాలి, తెలియకపోతే తెలియదనే రాయాలి. వస్తువు వాడినవాళ్లతో మాట్లాడే పనికి పట్టికలో వరస, దానికి డబ్బు వుండాలి. రాసినవాళ్ల పేరు గ్యాలరీలో ఎక్కడో ఒకచోట వుండాలి, ఎవరిని నిలదీయాలో చదివినవాళ్లకు తెలియాలి. ఈ షరతుల వల్ల రెండు పనులు పోయాయి, ఒకటి నిలబడింది.

అమ్మకు మొన్న చెప్పాను, ఆ పలక నేనే రాశానని. కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి చదివినదానివి, మీ నాయనమ్మ దాంతో కందులు విసిరేదని రాయడానికేమొచ్చింది?" అంది. ఇంటద్దె, సమీక్షలు, యాభై మాటలు, ఇవన్నీ చెప్పబోయి మానేశాను. అవన్నీ కారణాలే గానీ ఆమె అడిగినదానికి జవాబులు కావు.

మీ ఊళ్లో మ్యూజియం వుంటే ఈసారి వెళ్లినప్పుడు శిల్పాలతో పాటు పలకలు కూడా చదవండి. కర్త లేని వాక్యం కనిపిస్తే రాసుకోండి. సందర్శకుల పుస్తకంలో 'చాలా బాగుంది' బదులు ఆ ఒక్క ప్రశ్న రాసి రండి: ఎవరు?