ధైర్యం చెప్పేవారు లేని వేళ: కోవిడ్ కాలంలో క్యాన్సర్ బాధిత మహిళల మనోనిబ్బరం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
క్యాన్సర్ బాధిత మహిళల మనోనిబ్బరాన్ని మనోవిజ్ఞాన పరిశోధన ఎక్కువగా వ్యక్తిగత గుణంగా లెక్కించింది. ప్రజావ్యవహారం దాన్ని 'పోరాటం'గా చిత్రించింది. 2020లో కోవిడ్ మహమ్మారి రోగిని తోడు నుంచి, ఆసుపత్రి నుంచి, ఇరుగుపొరుగు నుంచి వేరుచేసినప్పుడు ఈ రెండు అవగాహనల పరిమితి బయటపడింది. మనోనిబ్బరానికి చుట్టూ ఉన్న మనుషులు, ఏర్పాట్లు ఆధారమని, తెలుగు నుడికారంలోని 'ధైర్యం చెప్పడం' అనే మాటలో ఈ గ్రహింపు ఇమిడి ఉందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: క్యాన్సర్, మహిళలు, మహమ్మారి, మనోనిబ్బరం, యుద్ధ రూపకం, నుడికారం.

1. ఉపోద్ఘాతం:
2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైంది. తొలి విడత గడువు 21 రోజులు. రొమ్ము క్యాన్సర్‌కు వాడే పలు కీమోథెరపీ మందులను కూడా 21 రోజులకొకసారి ఇస్తారు. దేశానికి ఆ మూడు వారాలు ఇంటిపట్టున ఉండవలసిన కాలమైతే, చికిత్స మధ్యలో ఉన్న స్త్రీకి అవి ఒక విడత మందు అందవలసిన గడువు. బస్సులు, రైళ్ళు ఆగిపోయాయి. ఊరి నుంచి నగరంలోని ఆసుపత్రికి చేరడమే మొదటి సమస్య అయింది.

గ్లోబోకాన్ అంచనాల ప్రకారం 2020లో భారతదేశంలో కొత్తగా 1,78,361 రొమ్ము క్యాన్సర్ కేసులు, 1,23,907 గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కేసులు నమోదయ్యాయి. దేశంలోని 41 క్యాన్సర్ కేంద్రాల సమాచారంతో 2021లో 'లాన్సెట్ ఆంకాలజీ' పత్రిక ప్రచురించిన అధ్యయనం 2020 మార్చి–మే నెలలను అంతకుముందు ఏడాది అవే నెలలతో పోల్చింది. కొత్తగా నమోదైన రోగుల సంఖ్య 1,12,270 నుంచి 51,760కి, అంటే 54 శాతం, తగ్గింది. తదుపరి పరీక్షలకు వచ్చినవారి సంఖ్య 46 శాతం తగ్గింది. ఇవి స్త్రీపురుషులందరినీ, అన్నిరకాల క్యాన్సర్లనూ కలిపి చెప్పిన లెక్కలు. ఆసుపత్రికి రాలేకపోయినవారు ఇంట్లో ఏ మనఃస్థితిలో గడిపారన్నది ఇలాంటి లెక్కలకు అందదు. దాన్ని అర్థం చేసుకోవడానికి పరిశోధకుల చేతిలో ఉన్న భావనలు ఎంతవరకు సరిపోతాయన్నదే ఇక్కడి ప్రశ్న.

2. కొలమానాలు – వాటి వెనుక ఊహ:
ఒత్తిడిని మనిషి తట్టుకునే తీరుపై రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో వెలువరించిన గ్రంథం నేటికీ ఈ రంగానికి పునాది. సమస్యను మార్చే ప్రయత్నం, సమస్య రేపిన ఉద్వేగాన్ని అదుపు చేసుకునే ప్రయత్నం అని వారు రెండు మార్గాలను గుర్తించారు. పరిస్థితికీ వ్యక్తికీ మధ్య నిరంతరం మారే సంబంధంగా వారు దీన్ని చూశారు. అయితే ఆ సిద్ధాంతం ప్రశ్నావళులుగా మారినప్పుడు పరిస్థితి వెనక్కు జరిగి వ్యక్తి మాత్రమే ముందుకు వచ్చింది. 1997లో చార్లెస్ కార్వర్ రూపొందించిన 'బ్రీఫ్ కోప్' 28 అంశాలతో, 14 విభాగాలతో ఉంటుంది. అందులో ఇతరుల నుంచి పొందే ఆసరా కూడా ఉంది. కానీ అక్కడ అది వ్యక్తి ఎంచుకునే అనేక వ్యూహాల్లో ఒకటి. ఆసరా దొరికే వీలే లేనప్పుడు, 'నేను ఆసరా కోరలేదు' అనే జవాబుకు అర్థమేమిటో కొలమానం చెప్పదు.

క్యాన్సర్ విషయంలో ఈ వ్యక్తికేంద్ర దృష్టికి మరో చరిత్ర ఉంది. 1979లో స్టీవెన్ గ్రీర్ బృందం 69 మంది రొమ్ము క్యాన్సర్ రోగులపై చేసిన అధ్యయనంలో, పోరాట స్ఫూర్తి చూపినవారు, వ్యాధిని నిరాకరించినవారు మిగిలినవారికన్నా మెరుగైన ఫలితాలు పొందినట్లు కనిపించింది. ఈ భావన వేగంగా ప్రచారంలోకి వచ్చింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 1999లో, మాగీ వాట్సన్ బృందం 578 మందిని పరిశీలించి, పోరాట స్ఫూర్తికీ ఆయుర్దాయానికీ సంబంధం కనిపించలేదని తేల్చింది. నిస్సహాయత, నిరాశ తీవ్రంగా ఉన్నవారిలో మాత్రం ప్రతికూల ప్రభావం కనిపించింది. రెండో అధ్యయనం శాస్త్రలోకాన్ని చేరినంతగా సమాజాన్ని చేరలేదు. 'ధైర్యంగా ఉంటే సగం జబ్బు నయమైనట్లే' అనే మాట రోగి చెవిన పడుతూనే ఉంది. దీని మరోవైపు అర్థం క్రూరమైనది: జబ్బు ముదిరితే రోగి ధైర్యం చాలలేదన్న నింద ఆ మాటలోనే పొంచి ఉంది.

3. యుద్ధ రూపకం – రెండింతల భారం:
సుసాన్ సోంటాగ్ 1978లో ప్రచురించిన 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' ఈ నింద మూలాలను విప్పి చూపింది. క్యాన్సర్ గురించిన భాష యుద్ధరంగం నుంచి అరువు తెచ్చుకున్నదని, జబ్బును వ్యక్తి స్వభావంతో ముడిపెట్టడం రోగినే దోషిగా నిలబెడుతుందని ఆమె వాదించారు. తాను స్వయంగా రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందినా ఆ సంగతిని అందులో ప్రస్తావించలేదు. 1980లో వచ్చిన ఆడ్రీ లార్డ్ 'ది క్యాన్సర్ జర్నల్స్' మరో దారిలో నడిచింది. శస్త్రచికిత్స తర్వాత కృత్రిమ రొమ్ము లేకుండా వైద్యుని గదికి వెళ్ళినప్పుడు, అది అక్కడివారి మనోస్థైర్యానికి మంచిది కాదని నర్సు అనడాన్ని ఆమె నమోదు చేశారు. రోగి దేహం చుట్టూ ఉన్నవారి నిబ్బరాన్ని కాపాడే బాధ్యత కూడా రోగి మీదే పడుతుందని ఈ ఘటన స్పష్టం చేస్తుంది. స్త్రీ తన భయాన్ని దాచుకోవడమే ఇతరుల దృష్టిలో ధైర్యమవుతుంది.

మహమ్మారి వేళ ఈ భాష ఇంకా పదునెక్కింది. 2020 మార్చి 25న వారణాసి ప్రజలతో మాట్లాడుతూ ప్రధానమంత్రి, 18 రోజుల మహాభారత యుద్ధంతో కరోనాపై 21 రోజుల యుద్ధాన్ని పోల్చారు. ప్రతి పౌరుడూ సైనికుడైన ఆ చిత్రంలో, అప్పటికే 'క్యాన్సర్ పోరాట యోధురాలు'గా పిలవబడుతున్న స్త్రీ రెండు యుద్ధాల మధ్య నిలబడింది. జాతీయ యుద్ధంలో ఆమె కర్తవ్యం ఇంట్లో ఉండిపోవడం. సొంత యుద్ధంలో కర్తవ్యం ఇల్లు దాటి ఆసుపత్రికి చేరడం. ఈ వైరుధ్యాన్ని వ్యక్తం చేసే మాట ఆ రూపకంలో లేదు.

4. తారుమారైన అర్థాలు:
మహమ్మారి అనేక ప్రవర్తనల అర్థాన్ని మార్చింది. కీమోథెరపీ పొందుతున్నవారికి జ్వరం అత్యవసర సూచన. తెల్ల రక్తకణాలు తగ్గిన స్థితిలో వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలన్నది వైద్యుల నియమం. కోవిడ్ కాలంలో అదే జ్వరం అనుమానానికి గుర్తయింది. జ్వరం సంగతి చెబితే ఐసొలేషన్ వార్డు, చెప్పకపోతే ప్రాణాపాయం. మనుషులకు దూరంగా ఉండడాన్ని పాత కొలమానాలు తప్పించుకునే ధోరణిగా, అనారోగ్యకరమైన వ్యూహంగా లెక్కించేవి. 2020లో అది వైద్య ఆదేశం. ఒకే జవాబు రెండు కాలాల్లో రెండు అర్థాలిచ్చినప్పుడు, పాత మార్కుల పద్ధతితో కొత్త మనసులను కొలవడం సరికాదు.

ఆసుపత్రి వరండా కూడా చికిత్సలో భాగమే. ఆరో విడత పూర్తిచేసుకున్న స్త్రీ మొదటి విడతకు వచ్చిన స్త్రీ పక్కన కూర్చుంటుంది. జుట్టు ఎప్పుడు మళ్ళీ మొలుస్తుందో, నోటిపూతకు ఏం తినాలో అక్కడే తెలుస్తుంది. వెంట వచ్చిన తల్లో చెల్లెలో ఆ మాటలు వింటుంది. తోడుగా వచ్చేవారిని ఆసుపత్రులు పరిమితం చేసి, కుర్చీల మధ్య దూరం పెంచినప్పుడు వైద్యం కొనసాగినా ఈ సంభాషణ తెగిపోయింది. ఇంట్లోనూ విశ్రాంతి కుదించుకుపోయింది. అందరూ రోజంతా ఇంట్లోనే ఉంటే వంటపని పెరుగుతుంది. ఆ పని రోగియైనా ఎక్కువగా స్త్రీ మీదే పడుతుంది.

అయితే దూరం ప్రతిసారీ నష్టమే అనుకోవడం కూడా పొరపాటు. తెలుగు సమాజంలో పరామర్శ రెండంచుల కత్తి. వచ్చినవారు పెట్టే కన్నీళ్ళు, అడిగే ప్రశ్నలు, తలకు చుట్టుకున్న గుడ్డపై నిలిచే చూపులు రోగిని మరింత అలసటకు గురిచేస్తాయి. పరామర్శలు ఆగిపోవడం కొందరికి ఊరట కూడా కావచ్చు. కాబట్టి ఎందరు వచ్చారన్నది కాక, ఎవరి రాక నిబ్బరాన్నిచ్చింది, ఎవరిది దాన్ని హరించింది అన్నదే పరిశోధన అడగవలసిన ప్రశ్న.

5. 'ఓర్చుకోవడం' – 'ధైర్యం చెప్పడం':
కష్టాన్ని ఎదుర్కొనే తీరుకు తెలుగులో ఎన్నో మాటలున్నాయి: ఓర్చుకోవడం, తట్టుకోవడం, నిభాయించుకోవడం, గుండె దిటవు చేసుకోవడం. వీటన్నిటిలోనూ 'కొను' అనే ఆత్మార్థకం ఉంది. భారం తనదే, మోసేదీ తానే. ఓర్పుకు భూదేవిని ఉపమానంగా చెప్పే సంప్రదాయంలో 'ఓర్చుకోవడం' స్త్రీ ధర్మంగా కూడా స్థిరపడింది. నొప్పిని ఆలస్యంగా చెప్పడం, రొమ్ములో గడ్డను నెలల తరబడి దాచడం ఈ ధర్మానికి చీకటి పార్శ్వం.

వీటికి భిన్నమైనది 'ధైర్యం చెప్పడం'. ఈ ప్రయోగంలో ధైర్యం ఒకరు మరొకరికి మాటగా అందించేది. దానికి చెప్పేవారు కావాలి, వినేవారు కావాలి, ఇద్దరూ కలుసుకునే చోటు కావాలి. కొలమానాలు వ్యక్తి లోపల వెతికిన గుణాన్ని ఈ నుడికారం ఇద్దరి మధ్య ఉంచింది. 2019లో వెలువడి 2020లో పులిట్జర్ బహుమతి పొందిన 'ది అన్‌డయింగ్'లో అమెరికన్ కవయిత్రి ఆన్ బోయర్ ఇదే సత్యాన్ని మరో సమాజం నుంచి చూపారు. ఒంటరి తల్లిగా చికిత్స పొందిన ఆమెను నిలబెట్టింది స్నేహితులు. కానీ స్నేహితురాలిని చూసుకోవడానికి సెలవు కోరే హక్కు వారికి చట్టం ఇవ్వలేదు. ధైర్యం చెప్పేవారికి కూడా సెలవు, రవాణా, ప్రవేశానుమతి కావాలి. ఈ ఏర్పాట్లు కూలిన చోట స్త్రీ కుంగిపోతే, దాన్ని ఆమె మనోబల లోపంగా నమోదు చేయడం అన్యాయం.

6. పరిశోధనా పద్ధతిపై విమర్శ:
మహమ్మారి కాలంలో అనేక అధ్యయనాలు ఆన్‌లైన్ ప్రశ్నావళులపై ఆధారపడ్డాయి. ఆ పరిస్థితుల్లో అది అనివార్యమే. కానీ స్మార్ట్‌ఫోను, అక్షరజ్ఞానం, కాస్త ఏకాంతం ఉన్న స్త్రీయే దానికి స్వేచ్ఛగా జవాబివ్వగలదు. ఇంట్లో ఉన్న ఒకే ఫోను భర్త చేతిలోనో, పిల్లల ఆన్‌లైన్ తరగతిలోనో ఉన్నప్పుడు ఆమె జవాబు రాదు, వచ్చినా అది ఆమె ఒక్కదానిదే కాదు. చికిత్స ఆగిపోయినవారే జవాబుల్లో తక్కువగా ఉంటే, ఫలితాల్లో కనిపించే సగటు నిబ్బరం వాస్తవంకన్నా ఎక్కువగా తేలే ప్రమాదం ఉంది.

7. ముగింపు:
కోవిడ్ కాలం క్యాన్సర్ బాధిత మహిళల మనోనిబ్బరాన్ని పరీక్షించింది. దానితోపాటు ఆ నిబ్బరాన్ని వివరించే భావనలనూ పరీక్షించింది. వ్యక్తిగత గుణంగా చూసే కొలమానం, యుద్ధంగా చూసే రూపకం, ఓర్పుగా చూసే సంప్రదాయం మూడూ చివరకు భారాన్ని ఆమె మీదనే మోపాయి. తెలుగులో ఈ రంగంపై పనిచేసే పరిశోధకులు అనువాద ప్రశ్నావళులతో ఆగిపోకుండా, రోగులు వాడే మాటల నుంచి మొదలుపెట్టడం అవసరం. 'మీరెంత ధైర్యంగా ఉన్నారు?' అనే ప్రశ్నకు ముందు 'మీకు ధైర్యం చెప్పిందెవరు? వారు మీదాకా రాగలిగారా?' అని అడగాలి. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు రోగి గురించి చెబుతుంది. రెండో ప్రశ్నకు వచ్చే జవాబు ఆమె చుట్టూ ఉన్న కుటుంబం, ఆసుపత్రి, ప్రభుత్వం గురించి కూడా చెబుతుంది.