నాడి చెప్పే సంగతి

మణికట్టు దగ్గర వైద్యుడు పట్టి చూసేదాన్నీ, ఒళ్లంతా అల్లుకున్న నరాన్నీ తెలుగులో ఒకే మాటతో నాడి అంటాం. ఆ రెండింటి చుట్టరికం గుండె లయ తప్పినవారికి చేసే అబ్లేషన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఆ లయ దోషాన్ని రాజేసే నిప్పురవ్వలు ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చే సిరల్లోనే పుడతాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యుడు మిషెల్ ఐసాగెర్ బృందం చూపింది. అప్పటి నుంచి ఆ సిరల మొదళ్ల చుట్టూ విద్యుత్తు దాటని గట్టు కట్టడమే ఈ చికిత్సకు పునాది. కానీ గుండె వేగాన్ని అదుపు చేసే నరాల ముడులు ఆ మొదళ్లను ఆనుకునే, గుండె మీది కొవ్వులో ఉంటాయి. గట్టు కట్టేటప్పుడు వాటికీ దెబ్బ తగులుతుంది. అందుకే అబ్లేషన్‌ను వైరింగ్ మరమ్మతుగా మాత్రమే చూడకూడదు; అది నాడీ వ్యవస్థకు చేసే చికిత్స కూడా.

దీనికి సాక్ష్యం మానిటర్ మీదే ఉంది. ఎడమ పై సిర దగ్గర రేడియోఫ్రీక్వెన్సీ వేడి తగిలినప్పుడు ఒక్కోసారి గుండె వేగం ఉన్నట్టుండి పడిపోతుంది. కొన్ని సెకన్లు గీత తిన్నగా సాగుతుంది. వేగస్ నరం బ్రేకు వేసిందన్నమాట. కుడి పై సిర ముందువైపు ముడి, గుండెకు తాళం వేసే సైనస్ నోడ్‌ను అదుపు చేస్తుంది. అది మాడితే బ్రేకు సడలుతుంది. విశ్రాంతిలో నాడి నిమిషానికి దాదాపు పదిసార్లు ఎక్కువ కొట్టుకోవచ్చు. గట్టు కట్టే మరో పద్ధతి, పల్స్‌డ్ ఫీల్డ్, వేడినీ చలినీ నమ్ముకోదు. అతి కొద్దిసేపటి విద్యుత్ ఘాతాలతో కండర కణాల పొరకు చిల్లులు పెడుతుంది. ఆ ఘాతాలను నరాలు కండరం కంటే బాగా తట్టుకుంటాయి. చికిత్స జరుగుతుండగా గుండె నెమ్మదించినా, తర్వాత నాడి వేగం పెరిగేది తక్కువే.

నరాలు దెబ్బతినడమే మేలు కదా అనేవారున్నారు. ఆ మాటకు ఆధారం లేకపోలేదు: వేగస్ ప్రభావం తెగినవారిలో జబ్బు తిరగబెట్టడం తక్కువని 2004లో ఇటలీలోని పప్పోనే బృందం రాసింది. అయితే నెదర్లాండ్స్‌లో 240 మందిపై జరిగిన అఫాక్ట్ ట్రయల్‌లో, ఛాతీ ద్వారా చేసే సర్జరీకి తోడు నరాల ముడులనూ కావాలని మాడ్చి చూశారు. ఏడాదికి అదనపు లాభమేమీ కనబడలేదు. రక్తస్రావం, పేస్‌మేకర్ అవసరం మాత్రం పెరిగాయి. 2023లో వెలువడిన అడ్వెంట్ ట్రయల్‌లో 607 మందిని పోల్చితే, పల్స్‌డ్ ఫీల్డ్ ఫలితం ఏడాదికి వేడి, చలి పద్ధతులకు తీసిపోలేదు. గట్టు గట్టిగా ఉంటే నరాలను బలి ఇవ్వనక్కర్లేదని ఈ రెండూ కలిపి చెబుతున్నాయి.

నరాలు మళ్లీ మొలుస్తాయి, దీనికింత చర్చ ఎందుకన్నది మరో అభ్యంతరం. ఆ ప్రభావం చాలామందిలో నెలల్లో తగ్గే మాట నిజమే. కానీ ఇదే గాయాన్ని మందుగా వాడేవారున్నారు. వేగస్ అతిగా స్పందించి పదేపదే స్పృహ తప్పేవారికి నరాల ముడులను ఎంచి మాడ్చే పద్ధతిని బ్రెజిల్‌లోని పచోన్ 2005లో వివరించాడు. 2023లో పోలండ్‌లో 48 మందిపై వెలువడిన ట్రయల్‌లో, చికిత్స పొందినవారిలో 8 శాతం మందే మళ్లీ స్పృహ తప్పారు. పొందనివారిలో 54 శాతం. చిన్న ట్రయలే, ఎవరికి చికిత్స జరిగిందో రోగులకు తెలుసు; అయినా తేడా కొట్టిపారేసేది కాదు. ఒకరికి మందైన గాయం మరొకరికి అనుకోకుండా జరగడం సరికాదు. ఏ పద్ధతి నరాలను ఎంత తాకుతుందో ముందే చెప్పాలి, చికిత్సకు ముందూ తర్వాతా నాడి వేగం రాసి పెట్టాలి. 62 నుంచి 74కి పెరిగిన అంకె చూసి భయపడే రోగికి, అది ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడే చెప్పగలం.