బిట్‌కు శక్తి: పాఠ్యపుస్తకాల కొలతపై ఒక విమర్శ

మాడ్యులేషన్ పద్ధతులను పోల్చే అధ్యాయం పాఠ్యపుస్తకాల్లో దాదాపు ఒకే తీరుగా సాగుతుంది. లక్ష బిట్లలో ఒక్కటి మాత్రమే తప్పు రావాలంటే, నాయిస్‌తో పోల్చి ఒక్కో బిట్‌కు ఎంత శక్తి కావాలో పట్టిక ఇస్తారు. బీపీఎస్‌కేకు సుమారు 9.6 డెసిబెల్స్, 16-క్వామ్‌కు సుమారు 13.4. కాబట్టి మొదటిదే శక్తిని పొదుపు చేస్తుందని తేలుస్తారు. నేను కూడా ఎన్నో ఏళ్లు ఈ పట్టికనే బోర్డు మీద వేశాను.

ఒకసారి సంపర్క తరగతిలో, ఫోన్లు బాగుచేసి బతికే విద్యార్థి ఒకరు లేచి, “సిగ్నల్ తక్కువ ఉన్నచోట ఫోను వేడెక్కుతుంది కదా సార్, ఆ వేడి ఈ పట్టికలో ఎక్కడుంది?” అని అడిగారు. ఎక్కడా లేదు. పట్టిక గ్రాహకాన్ని చేరే శక్తిని లెక్కిస్తుంది. బ్యాటరీ నుంచి పోయే శక్తిని కాదు. లెక్క తప్పు కాదు, దానికి పెట్టిన పేరు తప్పు.

ఈ రెండింటి మధ్య ఉన్నది పవర్ యాంప్లిఫయర్. సంకేతం కంపన పరిమితి మారుతూ ఉంటే, శిఖరాలు వికృతం కాకుండా యాంప్లిఫయర్‌ను దాని గరిష్ఠ స్థాయికి చాలా దిగువన నడపాలి. అప్పుడు దక్షత పడిపోతుంది, మిగిలినది వేడి అవుతుంది. జీఎస్ఎం రూపకర్తలు జీఎంఎస్‌కేను ఎంచుకోవడంలోని వివేకం ఇక్కడ తెలుస్తుంది. అందులో కంపన పరిమితి మారదు, దశ మాత్రమే మారుతుంది. యాంప్లిఫయర్‌ను సంతృప్త స్థితిలోనే నడపవచ్చు. ఎల్‌టీఈలో టవర్ నుంచి ఫోనుకు ఓఎఫ్‌డీఎంఏ వాడి, ఫోను నుంచి టవర్‌కు మాత్రం శిఖరాలు తక్కువగా ఉండే ఎస్‌సీ-ఎఫ్‌డీఎంఏను ఉంచడానికీ ముఖ్య కారణం ఇదే. ఈ నిర్ణయాలను మన పుస్తకాలు వేరే అధ్యాయంలో, కేవలం చరిత్రగా చెప్పి వదిలేస్తాయి.

రెండో లోపం ఇంకా పెద్దది. మిక్సర్లు, ఆసిలేటర్లు, ఫిల్టర్లు ప్రసారం సాగినంతసేపూ శక్తిని తింటూనే ఉంటాయి. ఒక చిన్న సెన్సార్‌ను ఊహించండి. సర్క్యూట్ ఖర్చు 50 మిల్లీవాట్లు, యాంప్లిఫయర్ ఖర్చు 5 మిల్లీవాట్లు, వేగం సెకనుకు లక్ష సింబల్స్ అనుకుందాం. బీపీఎస్‌కేలో 10,000 బిట్లు పంపడానికి 0.1 సెకను పడుతుంది. సర్క్యూట్‌కు 5, యాంప్లిఫయర్‌కు 0.5, మొత్తం 5.5 మిల్లీజౌళ్లు. 16-క్వామ్‌లో ఒక సింబల్ నాలుగు బిట్లను మోస్తుంది కనుక 0.025 సెకనే. సర్క్యూట్‌కు 1.25 మిల్లీజౌళ్లు చాలు. యాంప్లిఫయర్‌కు 3.8 డెసిబెల్స్ తేడా వల్ల 2.4 రెట్లు, దక్షత సగానికి పడిందనుకుంటే మరో రెండు రెట్లు, అంటే 2.4 మిల్లీజౌళ్లు. మొత్తం 3.65. పట్టికలో ఓడిన పద్ధతి ఇక్కడ గెలిచింది!

దూరాన్ని పది రెట్లు చేయండి. అడ్డంకులు లేని ప్రదేశంలో ప్రసార సామర్థ్యం నూరు రెట్లు కావాలి. ఇప్పుడు బీపీఎస్‌కేకు 55, 16-క్వామ్‌కు 241.25 మిల్లీజౌళ్లు. తీర్పు తిరగబడింది. దూరం చెప్పకుండా “ఏ మాడ్యులేషన్ పొదుపైనది?” అని పరీక్షలో అడగడం అర్థంలేని పని, అటువంటి ప్రశ్నపత్రాలు నేనూ తయారుచేశాను.

కూయి, గోల్డ్‌స్మిత్, బహాయ్ 2005లో శక్తి పరిమితి గల మాడ్యులేషన్‌పై ప్రచురించిన పరిశోధనాపత్రం ఈ రకమైన లెక్కనే గ్రాహకం ఖర్చుతో సహా పద్ధతిగా కట్టింది. దాన్ని వెతికి చదవమని నా సలహా. అయితే అది ఒక ప్రసారిణికీ ఒక గ్రాహకానికీ మధ్య ఉన్న లింకును విడిగా చూస్తుంది. పక్కనే పది సెన్సార్లు ఒకే పౌనఃపున్యం మీద మాట్లాడుతుంటే ఎదురుచూడటానికి, మళ్లీ పంపడానికి అయ్యే ఖర్చు అందులోకి రాదు. పంపే మాట అటుంచి, కబురు వస్తుందేమోనని వింటూ కూర్చోవడానికే బ్యాటరీ ఎక్కువగా ఖర్చయ్యే పరికరాలూ ఉన్నాయి. వాటి విషయంలో మాడ్యులేషన్ ఎంపిక కన్నా, రేడియోను ఎప్పుడు నిద్రపుచ్చాలన్నదే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న.

పై లెక్కలో సర్క్యూట్ ఖర్చును 50కి బదులు 5 మిల్లీవాట్లుగా తీసుకుని, రెండు దూరాలకూ మీరే మళ్లీ వేసి చూడండి.